బంతి లేని బొమ్మ

పెయింటర్ బాబాయి పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బడి మైదానంలో ఏడో తరగతి పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాను. వినగానే ఏడవలేదు. "ఎవరు చెప్పారు నీకు? కళ్ళారా చూశావా?" అని గదమాయించాను. చదివేవాళ్ళకు ఇది కటువుగా అనిపించవచ్చు. మా దగ్గర చావు కబురు ఎవరు మోసుకొచ్చినా ముందు ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. ఆ కట్టుబాటు పెట్టింది బాబాయే.

"చూశాను టీచర్. ఇప్పుడు ఆయన పక్కనే ఉన్నాను," అంది అవతల నుంచి నా పాత శిష్యురాలు కయల్. "మధ్యాహ్నం అన్నం తిని, బ్రష్షులు నానబెట్టి, చాప మీద నడుం వాల్చారంట. ఇంక లేవలేదు."

పిల్లల్ని పక్క టీచరుకు అప్పజెప్పి స్కూటర్ తీశాను. ముత్యాలపేటలో వాళ్ళది మా ఎదురిల్లే. వరండాలో కిరసనాయిలు డబ్బాలో మూడు బ్రష్షులు నానుతున్నాయి. లోపల బాబాయి పడుకుని ఉన్నారు. గోళ్ళ చుట్టూ ఎప్పటిలాగే నీలం రంగు. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "చూడు మా, ఎట్ట పండుకోనుండాడో, పని ఎగ్గొట్టినోడి మాదిరి," అంది. అప్పుడు నమ్మాను. నమ్మాక ఇక ఏడుపు ఆగలేదు.

నాది యానాం. పీటీ టీచరుగా పాండిచ్చేరికి బదిలీ అయి వచ్చిన కొత్తలో నాకు తమిళం రెండు ముక్కలు కూడా రాదు. గ్యాస్ బండ తెచ్చినవాడితో సైగలతో పోట్లాడి, ఓడిపోయి, తెలుగులో నాలుగు చీవాట్లు పెడుతుంటే ఎదురింటి గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఏంది మా, తెలుగోళ్ళా? యాడ నుంచి వచ్చినారు?"

"యానామండి."

"యానామా! అది మన పాండిచ్చేరే గదా. ఐతే మనూరే!"

ఎనిమిది వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన నాకు ఆ మాటతో నీరసం సగం తగ్గింది. ఆ వెంటనే "బాబాయిగారూ" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు. "నా ఎనకాల ఎవురన్నా పెద్దమనిషి నిలబడుండాడేమో అనుకున్యా. గారూ గీరూ మాకు అలవాటు లేదు మా. బాబాయ్ అను, సాలు." పిలుపులో గారు తీసేశాను కానీ మీరు అనడం మానలేకపోయాను. ఆయన కూడా నన్ను చివరిదాకా టీచరమ్మా అనే అన్నారు. అలా ఇద్దరం సరిపెట్టుకున్నాం.

వాళ్ళ పెద్దలు ఎన్ని తరాల కింద ఇక్కడికి వచ్చి పొలాలు చేసుకున్నారో ఆయనకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదవడం, రాయడం తమిళమే. ఏ యానాంవాళ్ళో కొట్టు పెట్టి తెలుగులో బోర్డు రాయమంటే, నేను కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను బొమ్మలు గీసినట్టు గీసేవారు. నాకన్నా అందంగా గీసేవారు. ఈ నాలుగు మాటలు ఆయన చదవలేరు. ఉంటే "చదువు, వింటా" అని అరుగు మీద కూర్చునేవారు. వినేవారని కాదు, వాక్యానికోసారి అడ్డుపడేవారు.

నలభై ఏళ్ళు గోడలూ బోర్డులూ రాసిన మనిషి. ఫ్లెక్సులు వచ్చి ఊళ్ళో బోర్డు పని అంతా తినేస్తే, ఆయన పడవలకు మారారు. "పడవకి ఫ్లెక్సు కట్టమను, సూస్తాం," అనేవారు కసిగా. వైతికుప్పం నుంచి పిళ్ళైచావడి దాకా ఏ పడవ మీద పేరు చూసినా అది ఆయన చేతిరాతే. సైకిలుకు రెండువైపులా డబ్బాలు, నోట్లో అడ్డంగా ఒక బ్రష్షు. బ్రష్షు నోట్లో ఉండగానే మాట్లాడేవారు. అలవాటైనవాళ్ళకే అర్థమయ్యేది.

పనిలో ఆయనకు రెండు పట్టుదలలు ఉండేవి. ఎవరి ముఖమైనా గీస్తే, దారిన పోయే ముగ్గురిని ఆపి "ఇది ఎవురు, సెప్పు" అని అడిగేవారు. ముగ్గురిలో ఒక్కరు తెలియదన్నా చెరిపేసి మళ్ళీ గీసేవారు. రెండోది రంగు సంగతి. ఎంత తొందరలో ఉన్నా, ఎదుటివాడు ఎంత బతిమాలినా రెండు కోట్లు వేయందే పడవ దిగేవారు కాదు. "ఒక కోటు ఉప్పుగాలి తినేస్తాది టీచరమ్మా. రెండోదే మనది," అనేవారు. ఆ మాట నేను రంగుల గురించి విన్నది తక్కువ, మిగతా వాటి గురించి విన్నదే ఎక్కువ.

ఇక అల్లుడి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే బాబాయి గురించి ఏమీ చెప్పనట్టే.

ఆఫ్రికా పడమటి తీరం నుంచి వచ్చి యూరప్‌లో ఆడే ఒక ఫుట్‌బాల్ ఫార్వర్డ్ ఉన్నాడు. అసలు పేరు రాయను. మా కుప్పంలో ఆ పేరుతో ఎవరూ పిలవరు కూడా. కుప్పం అంటే ఇక్కడ జాలరిపేట, మాది బడికి దగ్గరలో సముద్రపు ఒడ్డున ఉంది. దాని పేరు కూడా రాయను. రాస్తే పెద్దలు నా మీదికి వస్తారు, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఆ ఆటగాడి నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడట, అమ్మ చేపలు అమ్మేదట. గోల్ కొట్టిన ప్రతిసారీ అతను ఒక పని చేస్తాడు. గడ్డి మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, రెండు చేతులతో లేని వలను లాగుతాడు. పై చెయ్యి, కింది చెయ్యి, పై చెయ్యి. టీకొట్టు టీవీలో మొదటిసారి అది చూసినప్పుడు మా కుప్పంలో ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేచారట. బరువైన వల ఎలా లాగాలో తెలిసినవాడు తప్ప అలా లాగలేడని తేల్చేశారు. ఇంక అతను మనవాడైపోయాడు.

కుర్రాళ్ళందరూ అతని క్రాఫే చేయించుకున్నారు. పడవల మీద అతని నంబరు. పెళ్ళి బ్యానర్లలో పెళ్ళికొడుకు పక్కన అతని ఫోటో. కుప్పం తగవులు తీర్చే పెద్దమనిషిని కుప్పం పెద్ద అంటారు. అతని తల్లి, చేపల గంప దించకుండా మూడు వీధులు తిరిగే ముసలమ్మ, అందరూ పాట్టి, అంటే అవ్వ, అని పిలుస్తారు. ఆవిడ టీవీలో అతన్ని చూసి "మాపిళ్ళై, నా మనవరాలిని ఇస్తాను వస్తావా" అందట. ఆ రోజు నుంచి కుప్పానికంతటికీ అతను మాపిళ్ళై, బాబాయి తెలుగులో అల్లుడు. (కుప్పంలో వాళ్ళందరి మాటా తమిళమే. నేను తెలుగు చేసి రాస్తున్నాను.)

వలలు పెట్టుకునే పాక గోడ మీద అల్లుడి బొమ్మ వేయమని కుర్రాళ్ళు బాబాయిని అడిగారు. ఆయన బొగ్గుతో తల చుట్టూ గీత, భుజాలు మాత్రం గీశారు. కళ్ళు లేవు, ముక్కు లేదు. పాట్టి గంపతో వెళుతూ ఆగి, "మాపిళ్ళై వచ్చాడే!" అంది. బాబాయి ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు ముఖం చూడాలి. "నలభై ఏళ్ళలో ముక్కు ఎయ్యకముందే కనుక్కున్న ముఖం ఇదొక్కటే మా. మంత్రుల్ని ఏసినా, ముక్కూ మీసం ఏసినా, ఎవురో సెప్పలేకపోయిరి."

ఆ గోడ ముందున్న ఇసుక నేల మీదే నేను ఆడపిల్లల టీమ్ మొదలుపెట్టాను. బడికి మైదానం ఉంది కానీ ఫుట్‌బాల్‌కు చాలదు. పదమూడు మంది పిల్లలు, రెండు బంతులు. వాళ్ళలో కయల్ తొమ్మిదో తరగతి. పాదం లోపలివైపుతో బంతిని ఎంత సుతారంగా ఆపేదంటే, దాన్ని చూశాక నేను యానాం తిరిగి వెళ్ళాలన్న దరఖాస్తు డ్రాయరులో పడేశాను. బాబాయి సాయంత్రాలు పని ముగించుకుని వచ్చి పాక నీడలో కూర్చునేవారు. బనియన్ల మీద నంబర్లు ఆయనే వేసిపెట్టారు. ఆట రూల్స్ ఒక్కటీ తెలియవు. అయినా "ఇంకోసారి తన్ను, ఇంకోసారి" అని అరుస్తూనే ఉండేవారు.

అలా ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం కయల్ తన అక్క ఫోనులో ఒక కబురు చూసింది. అల్లుడు కారు ప్రమాదంలో పోయాడని. కింద ఫోటో, ఫోటోకి దండ. పిల్ల ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తి అందరికీ చదివి వినిపించింది. కుర్రాళ్ళు నమ్మలేక బాబాయి దగ్గరకు పరుగెత్తారు. అల్లుడి విషయంలో ఆయనదే ఆఖరి మాట కదా, బొమ్మ గీసినవాడు. ఆయన ఫోటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "దండ ఏసుండారే. నిజమే," అన్నారు. మాట నమ్మేవారు కాదు కానీ బొమ్మను నమ్మేవారు. జీవితమంతా బొమ్మలతో గడిపిన మనిషి, కంప్యూటర్‌లో ఎవడైనా ఎవడికైనా దండ వేయగలడని ఆయనకు తట్టలేదు.

మా కుప్పంలో ఎవరైనా పోతే, దహనం అయ్యేదాకా ఒక్క పడవ కూడా సముద్రంలోకి వెళ్ళదు. పెద్దవాడైనా చిన్నవాడైనా అదే నియమం, కానీ కుప్పం మనిషై ఉండాలి. ఆ సాయంత్రం కుప్పం పెద్ద ముందు కుర్రాళ్ళు వాదించారు. వల లాగే చేతులు మనవాడివి కాకపోతే ఎవరివి? పెద్ద ఒప్పుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామున ఒక్క పడవ కదల్లేదు. వీధి మొగలో కన్నీటి అంజలి ఫ్లెక్సు కట్టారు. పాట్టి, ఆమె వయసు ఆడవాళ్ళు గోడ ముందు కూర్చుని గుండెలు బాదుకుని పాటలు కట్టి ఏడ్చారు. బాబాయి నిచ్చెన ఎక్కి అల్లుడి మెడలో పొడుగాటి బంతిపూల దండ గీశారు. పాదాల దాకా, తన్నబోతున్న బంతిని తాకేలా వేలాడే దండ. కళ్ళు తుడుచుకుంటూ గీశారు. నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను, నేనూ ఏడ్చాను. చదువుకున్నదాన్నే, నాకూ బుద్ధి లేకపోయింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు టీకొట్టు టీవీలో అల్లుడి టీమ్ ఆట మొదలైంది. అల్లుడికి నివాళిగా అందరూ చూడాలని పెట్టారు. పదకొండు మంది వరసగా బయటికి వచ్చారు. నాలుగోవాడు అల్లుడు. అప్పటికీ మావాళ్ళు పాత ఆట అనుకున్నారు. ఇరవై నిమిషాలకు అతను గోల్ కొట్టి, గడ్డి మీద నిలబడి, నవ్వుతూ వల లాగాడు.

ఒక్క నిమిషం కుప్పమంతా ఎగిరి గంతులేసింది. మాటల్లేనివాళ్ళు కూడా కావలించుకున్నారు. తర్వాత మెల్లగా అందరికీ గుర్తొచ్చింది. ఆ రోజు పక్క కుప్పాలవాళ్ళు బుట్టలు పొంగేలా చేపలతో వచ్చారు. మా పడవలు మాత్రం ఒడ్డునే ఎండాయి. బతికున్నవాడికి! పక్క కుప్పం సోలై నగర్ వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి మరీ పరామర్శించి పోయారు. "మీ అల్లుడి పదో రోజు భోజనాలు ఎప్పుడు?" అని అడిగారు.

నవ్వుల పాలైన కోపం ఎటు పోతుంది? కయల్ మీదికి పోయింది. దాని మీద నుంచి ఆడపిల్లల ఆట మీదికి. కుప్పం పెద్ద చెడ్డవాడు కాదు, కానీ ఆ రోజు తల ఎత్తుకోలేకపోతున్నాడు. "బంతి పిచ్చి వల్లే ఇదంతా. ఆ స్థలంలో రేపటి నుంచి వలలు ఆరేస్తాం. గోడకి సున్నం కొట్టించండి. ఆడపిల్లలు ఇళ్ళకు పోండి," అన్నాడు. కయల్ వాళ్ళ నాన్న దాని బూట్లు అటక మీదికి విసిరేశాడు. బడుల పోటీలకు అప్పటికి మూడు వారాలుంది.

బాబాయి టీకొట్టు ముందు నిలబడి అందరూ వినేలా చెప్పారు. "పిల్ల సదివింది అంతే. నిజమని సెప్పింది నేను. దండ ఏసింది నేను. తిట్టేది ఉంటే నన్ను తిట్టండి." ఆయన జీవితంలో ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడగా నేను చూడలేదు, ఆ రోజు నిలబడ్డారు. కుప్పం పెద్ద ఆయన్ని కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. "నువ్వు మా కుప్పం మనిషివి కావు పెయింటరూ. పరాయివాడికి శిక్ష వేసే హక్కు మాకు లేదు. పిల్ల మాది," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. బాబాయి ఆ టీ తాగకుండా వచ్చేశారు.

మర్నాడు నేను వెళ్ళి బతిమాలాను. తల్లిదండ్రుల సంతకాలు చూపించాను. హెడ్‌మాస్టర్ ఉత్తరం చూపించాను. పని జరగలేదు. ఇంటికొచ్చి డ్రాయరులోంచి బదిలీ దరఖాస్తు బయటకు తీశాను. ఎదురింటి అరుగు మీద కూర్చుని, "నా వల్ల కాదు బాబాయ్. పోతాను మా ఊరు," అన్నాను.

ఆయన రేకుముక్కను సాన పెడుతున్నారు. తల ఎత్తకుండా, "ఎన్నిసార్లు అడిగినావు?" అన్నారు.

"ఒకసారి. ఇంకెన్నిసార్లు అడగాలి?"

"ఒక కోటుకే పోతావా?" అన్నారు. "రేపు రెండోది ఎయ్యాల. నువ్వు కాదు, నేనేస్తా."

కుప్పం పెద్ద దగ్గర గోడకు రెండు రోజులు గడువు అడిగారు, సున్నం తనే కొడతానని. మొదటి రోజంతా రేకుతో దండ గీకారు. ఎండ నడినెత్తిన ఉన్నా నీడకు రాలేదు. నేను మధ్యాహ్నం అన్నం పట్టుకెళితే బొమ్మ వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. దండ చివర బంతి మీద పడేలా గీశారు కదా, దండతో పాటు బంతి కూడా లేచి వచ్చేసింది. అల్లుడు ఒక కాలు వెనక్కి ఎత్తి తన్నబోతున్నాడు. పాదం ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు.

"మళ్ళీ వేసేయండి, ఎంత సేపు," అన్నాను.

ఆయన బ్రష్షు నోట్లోంచి తీసి, "ఉండు మా. వాడు ఏందో అడగతా ఉండాడు," అన్నారు. ఎండ దెబ్బ తగిలిందేమోనని భయపడ్డాను.

అక్కడి నుంచి తిన్నగా పాట్టి దగ్గరకు వెళ్ళారు. వెంట నేను. పాట్టి చేపలు కడుగుతోంది.

"పాట్టీ, మాపిళ్ళైకి నువ్వు ఏడ్చావా, లేదా?"

"ఏడవకేం. గొంతు పోయేలా ఏడ్చాను. ఊరంతా నవ్వుతోంది కదా, నువ్వు కూడా నవ్వు."

"నవ్వడానికి రాలేదు. సముద్రంలో పోయాడని ఏడ్చినవాడు తిరిగొస్తే మీరేం చేస్తారు? పాతికేళ్ళ కింద ఒకడు వచ్చాడే, ఓడవాళ్ళు కాపాడి తెస్తే. వాడి పడవకి పేరు రాసింది నేనే."

పాట్టి చేతులు ఆగిపోయాయి. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. పోయాడనుకుని ఏడ్చిన మనిషి బతికొస్తే పీట మీద నిలబెట్టి పసుపు నీళ్ళు చల్లి హారతి ఇస్తారు. ఆ తర్వాత అతను మొదట ఏది అడిగితే అది కుప్పం ఇచ్చి తీరాలి. కాదంటే సముద్రం అతన్ని మళ్ళీ అడుగుతుందని వాళ్ళ భయం. పాతికేళ్ళ కింద వచ్చినవాడు చద్దన్నం, ఎండుచేప అడిగాడట. కుప్పమంతా ఇంటికో ముద్ద తెచ్చిందట.

"మనం ఏడ్చాం, వాడు తిరిగొచ్చాడు," అన్నారు బాబాయి. "హారతి లేదు, పలకరింపు లేదు. రేపు వాడి ముఖాన సున్నం కొట్టించబోతున్నాడు నీ కొడుకు."

పాట్టి లేచిన వేగం నేను మర్చిపోను. ఆ వయసులో, చేతినిండా పొలుసులతో, వీధి పొడుగునా కొడుకుని పేరు పెట్టి కేకేసుకుంటూ వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం కుప్పమంతా గోడ ముందు పోగయ్యింది. సగం మంది నవ్వడానికి వచ్చారు. పాట్టి నవ్వడం లేదు కాబట్టి వాళ్ళూ నోరు మూసుకున్నారు. ఆవిడ గోడకు పసుపు నీళ్ళు చల్లి, హారతి పట్టి, అల్లుడి మొహం చుట్టూ మెటికలు విరిచింది. వెనక ఎవరో కుర్రాడు వల లాగినట్టు చేతులు ఆడించాడు. అందరూ ఆడించారు. కుప్పం పెద్ద కూడా కొంచెం ఆడించాడు, చూశాను.

అప్పుడే ఆయన కంట పడింది. "పెయింటరూ, బంతి ఏది?"

బాబాయి చేతులు కట్టుకోలేదు ఈసారి. "అదే అడుగుతున్నాడు," అన్నారు తమిళంలో, స్పష్టంగా. "తిరిగొచ్చాడు. కాలు ఎత్తి నిలబడ్డాడు. నా బంతి ఏది అని అడుగుతున్నాడు. ఇది మొదటి మాట. నేను పరాయివాడిని, నేను ఇవ్వలేను. మీరే ఇవ్వాలి."

కుప్పం పెద్ద గోడ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. పాట్టి చేతిలో హారతి పళ్ళెం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన మీసం నిమురుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "తెలుగువాడా, నీ బొమ్మ నన్ను పట్టేసింది!" అన్నాడు. కయల్ వాళ్ళ నాన్న వైపు తిరిగి, "ఏం చూస్తున్నావు? అటక ఎక్కు," అన్నాడు.

బూట్లు కాళ్ళకు వేసుకునే ఓపిక కూడా లేకపోయింది పిల్లకు. వట్టి కాళ్ళతోనే బంతిని తెచ్చి, అల్లుడి పాదం ముందున్న తెల్ల చోటుకు గురిచూసి తన్నింది. గోడ మీద ఇసుకతో గుండ్రటి మచ్చ పడింది. బాబాయి మచ్చ దగ్గరకు వెళ్ళి వంగి చూసి, ముగ్గురిని పిలిచి "ఇది ఏంటి, చెప్పు" అని అడిగారు. ముగ్గురూ బంతి అన్నారు. "ఐతే నేను ఎయ్యక్కర్లా," అని నాతో తెలుగులో అన్నారు.

చాలాకాలం తర్వాత ఒకరోజు, ఇదంతా ముందే పన్నారా అని అడిగాను. "అబద్ధం ఎందుకు మా. బంతి గీకింది తప్పే. తప్పుని సూస్తా నిలబడినా. సూస్తా సూస్తా ఉంటే అది పనికొచ్చింది," అన్నారు. వదిలేసి పోకుండా నిలబడి చూడడం, ఆయన దగ్గర నేను నేర్చుకున్నది అంతే. మిగిలినవన్నీ నాకు ట్రైనింగ్ కాలేజీలోనే చెప్పారు.

ఆ ఏడు పోటీల్లో మొదటి ఆటలోనే ఓడిపోయాం. పిల్లలు వ్యాన్‌లో ఏడుస్తుంటే బాబాయి వెనక్కి తిరిగి, "ఒక కోటు ఐంది. ఏడిస్తే రంగు ఆరదు," అన్నారు. మరుసటి ఏడు ఫైనల్ ఆడాం. గెలిచాం. కప్పు మీద పేరు రాసింది కూడా ఆయనే, దానికీ రెండు కోట్లు వేశారు. కయల్ ఇప్పుడు కాలేజీలో చదువుతూ సాయంత్రాలు చిన్నపిల్లలకు ఆట నేర్పుతోంది. అల్లుడికి వయసు మీద పడింది, ఇప్పుడు బెంచీ మీదే ఎక్కువ కూర్చుంటున్నాడు. మా కుప్పంలో మాత్రం అతని పలుకుబడి ఏమీ తగ్గలేదు. ఫోనులో ఎవరి చావు కబురు వచ్చినా, ఆ దండ సంగతి తర్వాత బాబాయి పెట్టిన రెండు ప్రశ్నలు అడగకుండా ఎవరూ ఏడవరు.

బాబాయిని తీసుకెళ్ళే రోజు తెల్లవారుజామున నాకు నిద్ర పట్టక ఒడ్డుకు వెళ్ళాను. పడవలన్నీ ఇసుక మీదే వరసగా ఉన్నాయి. తుపాను హెచ్చరిక లేదు, పండగ కాదు. ఎవరైనా పోయారా అని కుప్పం పెద్దని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "పెయింటర్ పోయాడు కదా," అన్నాడు.

"ఆయన ఈ కుప్పం మనిషి కాదు కదండీ."

"టీచర్, చావని పరాయివాడికి ఒకసారి ఆపాం," అన్నాడు. "చచ్చిన మనవాడికి ఆపలేమా?"

అక్కడే ఒక పడవ పక్కన కూలబడి ఏడ్చాను. పడవ మీద పేరు ఆయన రాసిందే.

పెద్దకర్మ అయ్యాక పిన్ని, ఆ నానుతున్న మూడు బ్రష్షులూ కయల్ చేతిలో పెట్టింది. గోడ మీద అల్లుడు ఉప్పుగాలికి వెలిసిపోయి ఉన్నాడు. నిన్న కయల్ నిచ్చెన వేసుకుని పొద్దున ఒక కోటు వేసింది, మధ్యాహ్నం ఇంకో కోటు వేసింది. కుర్రాళ్ళు చుట్టూ చేరి, పనిలో పనిగా బంతి కూడా వేసేద్దాం, ఆయన గుర్తుగా ఉంటుంది అన్నారు. పాట్టికి ఇప్పుడు చూపు ఆనదు. వలల కుప్ప మీద కూర్చునే, "వద్దు. వాడు ఇంకా అడుగుతున్నాడు. అడగనీ," అంది. కయల్ బంతి వేయకుండానే నిచ్చెన దిగింది.

రెండో కోటు ఆరకముందే నాలుగు గంటలకు చిన్నపిల్లలు వచ్చేశారు. "ఆరనివ్వండర్రా!" అని అరిచాను. వినేదెవరు? అందరిలోకీ చిన్నది పరుగున వచ్చి తన్నింది. గురి తప్పి బంతి అల్లుడి చొక్కాకు తగిలి, గోడ మీంచి నా వైపు వచ్చింది. రెండు చేతులతో పట్టుకున్నాను. మళ్ళీ విసిరాక చూసుకుంటే అరచేతుల నిండా నీలం.